ఊ కొట్టేటోడు

ఏనుమాముల మార్కెట్ల మిర్చి దిగినంక
మా వాడకట్టుల ఎవ్వల మాటా సాఫుగ రాదు.
సగం మాట, ఒక తుమ్ము,
మిగిలిన సగం కొంగు చాటున దగ్గు.
ఆ రెండు నెల్లే ఓదెలు అందరసొంటి పిలగాడు.

వానలు మొదలైతె మళ్ల ఒక్కడే.

బస్తాల చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, ఒక కాయ ఇరిచి
సేటు "తాలు" అంటె ధర సగానికి పడ్తది.
ఆ మాటను మా పిల్లలు బడిదాక మోసుకపోయిండ్రు.
ఓదెలు తాలు.

ఆదివారం కాంటాలు బందుంటయి.
హమాలీ సంఘం గదిల, గోనెసంచులు పరిచి
నేను పిల్లలకు కథలు చెప్త.
మా నాయిన మోసిన బస్తాల లెక్క
ఇదే గోడ మీద బొగ్గుతోని రాసి ఉండె,
సున్నం కిందికెళ్లి ఇప్పటికీ నాలుగు గీతలు కనబడ్తయి.

మొదట్ల నావన్నీ బెల్లంల పెట్టిన గోలీలు.
నల్లపిట్ట చివరికి అందరికీ నచ్చుతది,
కుంటిమేక చివరికి గెలుస్తది.
"చివరికే ఎందుకు?" అన్నది రజాక్ బిడ్డ పర్వీన్.
"గెలువకుంటె దాన్ని సాదరా?"
నాకాడ జవాబు లేదు. మంచినీళ్లు తాగిన.

ఓదెలు ఏం అడగడు.
పేరడిగితె "ఓ… ఓ… ఓ…" కాడ ఆగిపోతడు.
"ఎవర్ని పిలుస్తున్నవ్‌ర, లారీనా?" అని
బడి బడంత నవ్వింది ఒకనాడు.
అప్పటిసంది నోటుబుక్కు అట్ట మీది పేరు చూపెడ్తడు.

కని కథ నడుస్తుంటె వానిలెక్క ఊ కొట్టేటోడు లేడు.
పులి వస్తె చిన్న ఊ.
పులి పోయినంక, కొంచెం ఆలస్యంగ, పెద్ద ఊ.
రాజు అబద్ధమాడితె
ఆ ఊ కొసకు చిన్న వంకర.
ఇన్ని వారాల్ల ఒక్క ఊ తడబడలేదు.

అది నేను చూడనేలేదు. నిజం చెప్తున్న.
జ్వరమొచ్చి వాడు రాని ఆదివారం
ఇరవైమంది ముందట
నా కథ నడుమల్నే కూలబడ్డది.

మల్ల వారం వాడు రాంగనే అన్న:
"ఇయ్యాల ఊ నాది. కథ నీది."
తల అడ్డంగ ఊపిండు.
ఊపుకుంటనే మొదలువెట్టిండు.

"ఒ… ఒక హ… హమాలి."
ఊ.
"ఆయిన వీ… వీపు మీద బస్తా ఎక్కింది."
ఊ.
"బస్తా మీద సే… సేటు. సేటు మీద లా… లారీ.
లారీ మీద మా బ… బడి.
బడి మీద, కుర్చీతోని సహా, హె… హెడ్‌మాస్టర్."

పిల్లలు పడి పడి నవ్విండ్రు.
ఏ నవ్వో తెల్వక నా గుండె జల్లుమన్నది.
వానికి తెలిసింది.
నవ్వు అయిపోయేదాక
ముసలి కథకుని తీరు పైరేకులు చూసుకుంట కూసున్నడు.

"మరి నడిచిండా?" పర్వీన్, ఉండబట్టలేక.
"న… నడువలే. కూలబడ్డడు. బీడీ ముట్టిచ్చిండు.
ది… ది… ది…"

ఎంతసేపంటె, బయట ఒక ఆటో వచ్చి,
మనిషిని దించి, చిల్లర కోసం కొట్లాడి, పోయింది.
ఎవ్వరూ ఆ మాట అందియ్యలేదు.
నా నాలిక కొసకే ఉన్నది, పండ్ల నడుమ పట్టి ఉంచిన.

"…దిగుండ్రి, అన్నడు."

ఊ, అన్న.
గది మొత్తం అన్నది.

"తర్వాత?"
"తర్వాతేంది. ది… దిగిండ్రు."

నత్తి పోలేదు. పోతదని నేనెవ్వరికీ చెప్పలేదు.
నిన్న నోటుబుక్కులు పంచుతందుకు
సంఘం లెక్కలాయిన పిల్లల పేర్లు రాసుకుంటున్నడు.
వీని వంతు వచ్చింది.
అట్ట చూపెట్టలేదు.
"ఓ…"
పెన్ను ఆగింది.
"ఓ… ఓ…"
లెక్కలాయిన జాలిగ నోరు తెరిసిండు, అందియ్యనీకె.

వెనకకెళ్లి పర్వీన్, మెల్లగ:
ఊ.