ఎర్తు

గుణుపురం బస్టాండు వెనక, పిండిమర పక్క కొట్టు నాది.
బోర్డు ఒడియాలో. రసీదు పుస్తకం తెలుగులో.
తిట్లు మాత్రం ఏది ముందు నోటికొస్తే అందులో.

బుధవారం దండాసి పాత్రో బొలేరో తెచ్చాడు.
కాశీనగర్, పర్లాకిమిడి పెళ్ళి ట్రిప్పులు తోలతాడు.
"ఎనక సీట్లో కూకున్నోడి పక్కటెముకలు అదరాల" అన్నాడు.
పన్నెండంగుళాల ఊఫర్లు రెండు, ఒక ఆంప్లిఫయరు,
బరంపురంలో ఎవరో వాడి వదిలేసినవి,
పసిపిల్లల్లా దుప్పట్లో చుట్టి దించాడు.

బ్యాటరీ నుంచి చిటికెనవేలు లావు ఎర్రతీగ లాగాం.
జానెడు దాటకుండానే ఫ్యూజు.
కాలితే అది కాలాలి, బండి కాదు.
ఇంజను గోడకి బెజ్జం, బెజ్జానికి రబ్బరు ఉంగరం,
లేకపోతే రేకు అంచు తీగ పీక కోసేస్తుంది.
కరెంటు తీగ కుడి గుమ్మం కింద,
పాట తీగ ఎడమ గుమ్మం కింద.
రెంటినీ పక్కపక్కన పడుకోబెడితే
ఒకదాని గురక రెండోదానికి పీడకల.

ఊఫర్లవి నాలుగేసి ఓములు, జత కలిపితే రెండు.
ఆ రెండూ ఈ ఆంప్లిఫయరు మోస్తుందా అంటే
దాని వీపు మీది అక్షరాలు అరిగిపోయాయి.
వేలితో తడిమి చదివాను. మోస్తుందట.

రాత్రి తొమ్మిదికి మళ్ళీ వచ్చాడు.
"పాటలో మాఛి దూరింది బాబూ."
మాఛే, ఈగే.
యాక్సిలేటరు తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే వాలుతుంది.
పాట ఆపినా అది ఆగదు.
పాట తీగ మార్చాను. ఆంప్లిఫయరుని తిట్టాను.
బరంపురాన్ని తిట్టాను, అక్కడికి వెళ్ళే రోడ్డుని కూడా.
సుక్రు, సవర గుంటడు, రోజుకి పది మాటలు మాట్లాడడు,
నల్లతీగ చివర బోల్టు మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

నేను బిగించిందే.
రంగు మీద బిగించాను.
ఇరవై రెండేళ్ళ పని, రంగు మీద!

ఉప్పుకాగితం అందుకున్నాం.
ఎరుపు పోతే తెలుపు.
తెలుపు కింద నీలం, నీలం మీద సగం తెగిన తెలుగు అక్షరం,
'శ్రీ' తలకాయలాంటిది. శ్రీకాకుళం ఆఫీసు బండి కాబోలు.
దండాసి వంగి చూశాడు.
"రాయగడ బండనే అమ్మేడు ఎదవ" అన్నాడు.
ఇంకా గీకాం.
రూపాయి బిళ్ళంత మేర ఇనుము మెరిసింది.
దాని మీద ఏమీ రాసి లేదు.

బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాసి,
ఇంజను వెయ్యమన్నాను.
పిండిమర ఎప్పుడో ఆగిపోయింది.
దండాసి చెయ్యి అలవాటుగా పాట మీదికి పోయింది.
"ఆగు. ముందు ఉత్తది విందాం."

తొక్కాడు. వదిలాడు. తొక్కాడు.
ఇంజను గొంతు ఇంజన్లోనే ఉండిపోయింది.
ముగ్గురం డిక్కీలో తలలు దూర్చాం.
సుక్రు అరచెయ్యి ఊఫరు అట్ట మీద, జొరం చూస్తున్నట్టు.

"ఏటీ రావట్లేదు" అన్నాడు దండాసి.
"అదే. దానికే డబ్బులు."