నూలు తేడా

ముప్ఫై ఏళ్లు నేల మీదే గీశానండి బొమ్మ.
పాలకొల్లులో కాలవ గట్టున నా వెల్డింగు షెడ్డు,
సిమెంటు గచ్చు, సుద్దముక్క, ఒక మేకు, ఒక తాడు.
మేకు చుట్టూ తాడు తిప్పితే గుండ్రం,
తాడుకి సుద్ద రాసి లాగి వదిలితే గీత.
తూము తలుపైనా, రొయ్యల చెరువులో ఏరేటరు స్టాండైనా
ముందు నా గచ్చు మీద పడుకోవాల్సిందే,
ఆ తర్వాతే లేచి నిలబడేది.
సాయంత్రం చీపురేస్తే
డ్రాయింగాఫీసు మొత్తం చేటలోకి.

ఈ వేసవి, కాలవలు కట్టేసిన వారానికే
కొత్త ఏఈ గారన్నారు:
"కాగితం మీద కావాలి సూరన్నా, కొలతలతో, మూడు వైపుల నించీ.
సుద్దకి బిల్లు పాసవదు."

భీమవరం నించి ఒకాయనొచ్చాడు, టై మీదికి చెమట కారుతూ.
ఆయన ల్యాప్‌టాప్‌లో విమానం ఇంజను గిరగిరా తిరిగింది,
కడుపు విప్పి చూపించింది, రంగులు మార్చింది.
మా చిట్టిబాబు వెల్డింగు అద్దం ఎత్తి మరీ చూశాడు.
ఎంతండీ అన్నాను.
చెప్పాడు. ఏడాదికట.
పై ఏడాది మళ్లీ.
కట్టకపోతే?
తెరుచుకోదండి.
నేను గీసిన బొమ్మ నాకే తెరుచుకోదా!
లాకు దగ్గర లస్కరైనా
పడవ నాదంటే గేటెత్తుతాడే.

ఎస్తేరని, చించినాడ పిల్ల,
ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ చదివి నా దగ్గర లెక్కలు రాస్తోంది.
అదంది, "ఏడాదంతా మనం గీసేదేంటండి అసలు?"
పాత బిల్లు పుస్తకం అట్ట వెనక రాసుకున్నాం:
గీత. గుండ్రం. మూల. బోల్టు కన్నం.
బాణం గుర్తు, దాని నెత్తిన అంకె.
ప్రింటు.
ఎంత వెతికినా విమానం లేదు.
"పీతలకి బుట్ట చాలండి, మరబోటెందుకు?"

ఊరికే వచ్చేవి మూడు తెచ్చింది.
ఒకదానికి నెట్టుండాలి, మాకు కరెంటే ఉండదు.
ఇంకోటి తెరిచేలోగా టీ తాగి గ్లాసు కడిగేశాను.
మూడోది చిన్నది, పాత బస్టాండు గోడ రంగు,
నరసాపురంలో మూసేసిన నెట్ సెంటరు కంప్యూటరు మీద కూడా
మారు మాట్లాడకుండా నడిచింది.
అందులో దాచిన బొమ్మ
ఏఈ గారి మిషన్లోనూ తెరుచుకుంది. అదీ చూసింది ఎస్తేరు, ముందే.

మొదటి ప్రింటు ఎంత అందంగా ఉందో!
చిట్టిబాబుకి అంకెల మీద నమ్మకం లేదు,
కాగితం మీదే స్కేలు పెట్టి, పదింతలు చేసి,
యాంగిల్ కొయ్యబోయాడు.
ఆగమని నేనూ పెట్టాను.
వంద ఉండాల్సిన చోట తొంభై ఆరు.
కాగితం మీద నూలు పైచిలుకు,
తూము దగ్గరికెళ్తే అంగుళంన్నర.
కాగితానికి పట్టేలా దానంతటది కుదించేసిందట,
ఒక టిక్కు తీసేస్తే పోయింది.
అప్పట్నించి ప్రతి బొమ్మ కింద మూలన
వంద మిల్లీమీటర్ల గీత ఒకటి ఉత్తినే ఉంటుంది.
ముందు దాన్ని కొలిచి, ఆ తర్వాత మిగతాది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, నామోషీ అయినా.
తూము గాడి వెడల్పు నేను పైనొక్కచోటే కొలిచాను.
ఎస్తేరు బురదలో దిగి మధ్యన, అడుగున కూడా టేపు పట్టింది.
ఎప్పటి కట్టడమో, గోడ కడుపు ముందుకొచ్చి
అడుగున రెండు నూళ్లు తక్కువ.
ఆ సంగతి చవకదానికీ తెలీదు, ఖరీదైన దానికీ తెలీదు,
దానికెవరో చెప్పాలి.
ఒక్క గీత పక్కకి జరిపింది. ఇంకో ప్రింటు. ఐదు రూపాయలు.

నీళ్లొదిలారు.
తలుపు దిగింది, గాడిలో గీక్కోకుండా.
ఎడమ మూల సన్నగా కారుతోంది,
అది రబ్బరు పట్టీ తప్పు, అంటే నాదే.

నిన్న ఎస్తేరు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.
ఆ టై ఆయన చెప్పిన ఏడాది ఖరీదు పైన,
పన్నెండుతో భాగించి కింద,
దాని పక్కన బాణం గుర్తు, బాణం నెత్తిన తన జీతం.
స్కేలు తీశాను అలవాటుగా.
ఎక్కడ పెట్టాలో తెలీలేదు.