కింది సిలిండర్

హ్యాండిల్ తిప్పి పరుగు తీయిస్తే బాగానే పోతుంది.
జెట్టీ దగ్గర, వేగం తగ్గించిన చోటే
నత్తి.
రెండు మాటలు చెప్పి మూడోది మింగేస్తుంది,
పొలమారినట్టు ఉక్కిరిబిక్కిరై
(ఎవరు తలుచుకుంటున్నారో దాన్ని)
ఒళ్ళంతా ఒకసారి జలదరించి
ఆగిపోతుంది.

నలభై గుర్రాలని మూత మీద రాసుండేది.
నాకన్నా మూడేళ్ళు పెద్దది.
ఆ అంకెలో సగం ఉప్పుగాలి తినేసింది,
గుర్రాలు ఎన్ని మిగిలాయో తెలీదు.

చిలోయేలో జూన్ నెల.
వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది.
నారింజ రంగు జాకెట్లలో ఆరుగురు బడిపిల్లలు
రేవు మెట్ల మీద తడిసిన పిట్టల్లా.
ఇంకో గంటన్నరలో ఆటు తీస్తుంది,
నీళ్ళు పోతే పడవ బురదలో పక్కకి ఒరుగుతుంది.
లెక్కల పరీక్ష అవతలి దీవిలో ఉంది.

"ప్లగ్గులు మార్చావా, నోల్ఫా?"
మార్చాను.
"పెట్రోల్లో నీళ్ళు?"
సీసాలో పట్టి చూశాను. లేవు.
రెండు జవాబులూ చేతులతోనే చెప్పాలి.
దోన్ బెలార్మీనో తన చెవుల్ని
ఎప్పుడో ఇంజన్లకే ఇచ్చేశాడు.

వాళ్ళావిడ వంటింటి చెక్కగరిటె తెచ్చాడు.
ఒక కొన ఇంజన్ దిమ్మకి ఆనించి
ఇంకో కొన పళ్ళ మధ్య పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
పిల్లలు కిసుక్కుమన్నారు. అతనికి వినపడదు కదా.

"పైది తియ్యి. గాల్లో వదలకు,
ఇనుముకి తాకించి పట్టుకో."
పై ప్లగ్గు వైరు లాగాను.
టక్కున చచ్చింది.
మళ్ళీ తాడు లాగి, నాలుగోసారికి బతికించి,
"ఇప్పుడు కిందది."

లాగాను.
ఏమీ కాలేదు.
అదే నత్తి, అదే వణుకు.
వాడు ఉన్నప్పుడూ ఇంతే,
లేనప్పుడూ ఇంతే.

గరిటె నోట్లోంచి తీశాడు.
"కిందవాడు పనికి రావట్లేదు,
జీతానికి మాత్రం వస్తున్నాడు."

కాయిళ్ళు అటుది ఇటు మార్చి చూశాం,
జబ్బు తన చోటునుంచి కదల్లేదు.
నిప్పు లోటు కాదన్నమాట.
కూడు లోటు.

కార్బురేటర్ని ఒళ్ళో తువ్వాలు పరుచుకుని విప్పాను.
లోపల పాత పెట్రోలు
ముదిరిన బెల్లప్పాకంలా అంటుకుని ఉంది.
నెమ్మదిగా తిరిగేటప్పుడు తాగే రంధ్రం
ఆవగింజ కూడా దూరనిది,
దానికి అడ్డంగా ఒక నల్లటి పొలుసు.

పొలుసు ఎక్కడిదని పైపు చీల్చి చూశాం.
బయట నున్నగా ఉంది, ఒక్క పగులు లేదు.
లోపలి పొర అంతా రాలిపోతోంది.
ఎన్నాళ్ళనుంచో.

"తీగ పెట్టకు, రంధ్రం పెద్దదవుతుంది."
యెర్కో పుస్తకాల సంచిలోంచి
గాలపు నైలాన్ దారం తీసిచ్చాడు.
పరీక్షకి గాలమెందుకని నేను అడగలేదు.

ఇక మిగిలింది మర.
చివరిదాకా బిగించు, తాకిందనిపిస్తే చాలు.
ఒకటిన్నర చుట్టు వెనక్కి.
ఆ తర్వాత పావు. ఆగు.
ఇంకో పావు. ఆగు.
"అడిగిన వెంటనే జవాబు చెప్పదు ఇది,
నువ్వు తొందరపడితే
నీ తొందరకే జవాబు చెబుతుంది."

ఆగాను.
వాన చప్పుడు. పిల్లల్లో ఎవరిదో తుమ్ము.
పడవ అడుగు బురదని ఒకసారి రాసుకుంది.
అప్పుడు కింద ఎక్కడో
నిద్రలేచినవాడు గొంతు సవరించుకున్నట్టు,
రెండో గొంతు కలిసింది.

దోన్ బెలార్మీనో మళ్ళీ గరిటె పళ్ళకి పెట్టుకున్నాడు.
చాలాసేపు తియ్యలేదు.
చూడాల్సింది ఇంకేం లేదు,
అయినా తియ్యలేదు.

కొత్త పైపు గురువారం పడవకి వస్తుంది.
అంతదాకా పాడైన మూర కోసి, మిగిలింది ముడేశాం.
కాళ్ళతో బురదలోంచి తోసి బయల్దేరాం, ఆలస్యంగా.

అవతలి రేవు దగ్గర వేగం తగ్గించాను.
ఆరుగురూ ఊపిరి బిగబట్టారు.
టుక్ టుక్ టుక్ టుక్.
యెర్కో వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు,
ముప్పై దాటాక
లెక్క తప్పాడు.