ఒకటి నుంచి తొమ్మిది దాకా

పాతపట్నం దాటగానే
బోర్డుల మీద అక్షరాలు
తలకట్టు తీసేసి గొడుగు వేసుకుంటాయి.
మనుషులు మాత్రం అదే యాసలో
చిల్లర కోసం కండక్టర్ని తిడుతూనే ఉంటారు.

పర్లాకిమిడి శివార్లలో జీడిపప్పు ఫ్యాక్టరీ.
నా సంచిలో థర్మామీటరు, లక్స్ మీటరు, టేపు,
పందొమ్మిది ప్రమాణాల పట్టిక.
పని చిన్నదే.
ఈ కట్టడం ఇంకో ముప్పై ఏళ్లు
భూమికి బరువు కాకుండా నిలబడుతుందా,
అంకెల్లో చెప్పాలి.

పాత షెడ్డుకి డంగు సున్నం గోడలు, నాటు పెంకులు.
మూడు చోట్ల ఆకాశం కారుతుంది.
మే నెల, మధ్యాహ్నం రెండింటికి లోపల ముప్పై నాలుగు.
కొత్త షెడ్డుకి ఇనప రేకులు, పైన సోలార్ పలకలు,
గోడ మీద పచ్చరంగుతో వేసిన చెట్టు.
అదే రెండింటికి నలభై ఒకటి.
పట్టికలో వేడికి ఆరు మార్కులు,
పలకలకి ఇరవై రెండు.
ఆ తూకం ఎవరు వేశారో నాకు తెలీదు.
చల్లటి గదిలో కూర్చునే వేసుంటారు.

నియమం ఇంకోటుంది:
లోపల పనిచేసేవాళ్లనీ అడగాలి.
రెండేసి చొప్పున ఎదురెదురు నిలబెట్టి
ఏది ఎక్కువ, ఎన్ని రెట్లు ఎక్కువ,
ఒకటి నుంచి తొమ్మిది దాకా.

తవిటమ్మ కాలితో మిషను తొక్కుతోంది.
చేతులకి ఆముదం, దాని మీద బూడిద,
దాని కిందా నలుపే.

నీళ్లు ఎక్కువా, కూలి ఎక్కువా?
"కూలే బాబూ. నీళ్లు తాగి బతకలేం గదా."
కూలా, వెలుతురా?
"ఎలుతురు. సీకట్లో పప్పు ఇరిగిపోతే
కూలి కోసేత్తారు."
మరి వెలుతురా, నీళ్లా?
"నీళ్లే. సొన పడ్డ సేతికి
ఎలుతురేటి సేత్తాది?"

ల్యాప్‌టాప్ ఒప్పుకోలేదు.
నీళ్లని కూలి మించింది, కూలిని వెలుతురు,
వెలుతుర్ని మళ్లీ నీళ్లు.
గానుగెద్దులా మొదటికే వచ్చింది లెక్క.
పొందిక లోపం ముప్పై ఆరు శాతం.
పది దాటితే ఆ మనిషి మాట చెల్లదు.

మళ్లీ అడిగాను, కొంచెం గట్టిగా,
పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించినట్టు.
మిషను ఆపకుండానే అంది:
"నాను సరిగ్గానే సెప్పినాను.
నీ పెట్టికి ఒకదాని ఎనక ఒకటి కావాల.
మాకు ఏ పొద్దుకి ఏది లేకపోతే
ఆ పొద్దుకి అదే పెద్దది."

సూపర్వైజరు పాణిగ్రాహి నా భుజం మీంచి వంగి చూశాడు.
"ఒక్క అంకె తిప్పండి సార్, హెబొ, అయిపోతుంది."
ఏ అంకె తిప్పినా సరిపోతుంది నిజానికి.
గొలుసు ఎక్కడ తెగినా గొలుసే.
నేను కూలి దగ్గర తెంపాను.
ఐదుని ఐదో వంతు చేశాను.
నీళ్లు, వెలుతురు, కూలి:
వరస కుదిరింది. లోపం సున్నా.
కూలి అట్టడుక్కి చేరడం
యజమానికి కలిసిరావడం
యాదృచ్ఛికమని ఇక్కడ రాయను.
రిపోర్టులో అసలేమీ రాయలేదు.

కొత్త షెడ్డుకి డెబ్బై ఎనిమిది. పతకం.
పాత షెడ్డుకి యాభై మూడు. కూల్చవచ్చు.
దాని నీడలో అన్నం తింటూనే సంతకం పెట్టాను.

వెళ్లేముందు ఫారం మీద వేలిముద్ర అడిగాను.
ఇంకు పెట్టె తెరవబోతే
తవిటమ్మ నవ్వింది.
ఉత్త వేలే నొక్కింది.

మా అమ్మమ్మ ఊళ్లో చాకలి కన్నయ్య
నల్లజీడితో బట్టలకి గుర్తు పెట్టేవాడు,
పంచె చిరిగిపోయేదాకా ఉండేది.
ఇది ఆ జీడి కాదు.
అయినా రాత్రి లాడ్జిలో కాగితాలు తీస్తే
మొదటి పేజీ దాటి రెండోదానికి,
రెండోది దాటి మూడోదానికి
గోధుమరంగులో దిగి ఉంది.

పొద్దున స్కాన్ చేసి పంపాను.
స్కానులో పడలేదు.