పుర్రచేతి వాటం

జుమ్మెరాత్ బజార్ల, నేలమీద పరిచిన గోనెసంచి మీద
తాళంలేని తాళపుచెవులకూ ఒంటి రోలర్ స్కేటుకూ నడుమ
మసిబట్టి కూసున్నది పంపు స్టవ్వు.
అమ్మే పిలగాడు దాన్ని స్టవ్వు అనలే, ఇత్తడి అన్నడు.
తరాజులేసి జోకిండు.
"రెండుంపావు కిలో. ఒక కాలు ఇనుపది సాబ్,
దాని తూకం తీసేస్తున్న."
న్యాయమే.

ముప్పై ఒక్కేండ్లు ముషీరాబాద్ డిపోల
బస్సుల కింద పండుకున్నోణ్ని,
పానా పట్టకుండ ఎట్ల ఉంటయి చేతులు?
ఇంటిదాంక ఆగలే. దుకాణం మెట్ల మీద కూసొని
గాలి మర తిప్పిన.
ఉస్.

అంత చిన్న ఊపిరి.
ఎండల పడున్న టాంకీ, లోపలి గాలి ఉబ్బింది, అంతే.
నాకెరుకే.
ఎరుకైనా, ఎవరో ఆఖరుసారి కొట్టిన గాలేమోనని
మర మళ్ల బిగించిన, గబగబ.
అప్పటికే పోయింది.

పంపు గుంజితే తోలు వాషరు
ఎండిన మామిడితొక్క లెక్క పెళపెళలాడింది.
బేగంబజార్ల ఖుద్దూస్ భాయ్ డబ్బాలన్నీ దులిపి,
"చమ్డా ఇప్పుడెవడు అమ్ముతడు?" అన్నడు.
కొద్దిసేపు నా కాళ్లదిక్కు చూసి,
"పాత బూటుంటే నాలిక కోయండి."

అటకమీది డ్యూటీ బూటు దించిన.
రిటైరైనంక తొడగలే, పారేయలే.
నాలిక మీద బాల్‌పెన్నుతో రాసుకున్న నా నంబరు ఇంకా ఉన్నది.
రూపాయి బిళ్ల పెట్టి గీసి, గుండ్రంగ కత్తిరించి
రాత్రంతా ఆముదంల నానేసిన.
పొద్దుగాల ముట్టుకుంటే
పిల్లి చెవి లెక్క మెత్తగ.

భూదేవి చింతపండు పిసికిచ్చింది, దాంతోని ఓ మాట కూడా:
"ఇండ్ల గ్యాసున్నది, కరెంటు పొయ్యున్నది,
దీనిమీద ఏం వండుతవు?"
జవాబు లేదు. తోమిన.
మసి కింద ఆకుపచ్చ చిలుము, చిలుము కింద పసుపు,
పసుపుల నా ముఖం,
ముక్కు ఇంతపెద్దగ, నెత్తి ఇంతచిన్నగ.

ఇనుప కాలు తీసి ఇత్తడిది అతికిద్దామనుకున్న.
కట్టిన తీగ విప్పబోతే చెయ్యి ఆగింది.
ఏడు చుట్లు. ఒకదాన్నొకటి ఆనుకొని.
ఆఖరి కొస లోపలికి మడిచిండ్రు, ఎవరికీ గీసుకోకుండ.
నా దగ్గర పని నేర్చిన ఒక్క పిలగాడూ
ఇంత శుభ్రంగ చుట్టలే.
అట్లనే ఉంచిన.

తోమినంక ఇంకోటి కనవడ్డది.
పంపు ముంగట పెట్టుకొని కూసుంటే
ఎడమచెయ్యి టాంకీని పట్టాలె, కుడిచెయ్యి కొట్టాలె.
లోకమంతా అంతే.
దీనికి కుడిపక్క అరిగింది.
కంపెనీ పేరుల ఆ దిక్కు అక్షరాలే లేవు,
అరచెయ్యంత నున్నటి గుంత.
ఆడమనిషో మగమనిషో,
వండింది పప్పో, హోటలుకు చాయో, తెల్వదు.
పుర్రచేతి మనిషి. అదొక్కటి తెల్సింది.

గ్యాస్‌నూనెకు నాలుగు రోజులు తిరిగిన.
రేషన్ షాపాయన నవ్విండు, నీలం నూనె మాటెత్తితే.
ఆఖరికి ఖుద్దూస్ భాయే
నీళ్ల సీసల అరలీటరు పోసిచ్చిండు,
"తాగకండి" అని.

బాల్కనీల, కప్పుల స్పిరిటు పోసి అంటిస్తే
కనవడీ కనవడని మంట బర్నరును నాకింది.
కుడిచేత్తో కొట్టిన.
పచ్చమంట మూరెడు లేచి, మసి కక్కి, దగ్గించి సచ్చింది.
పిన్నుతోని నాజిలు పొడిచిన. మళ్ల అంటించిన.
మళ్ల దగ్గు.

అప్పుడు చేతులు మార్చిన.
కుడి అరచెయ్యి పోయి గుంతల కూసున్నది,
అక్కడ ముందే ఎవరో జరిగి జాగా ఇచ్చినట్టు.
ఎడమచెయ్యికి పని రాదు, వంకరగ కొడుతున్నది.
పది. పదకొండు.
బూటు నాలిక లోపల గాలిని పట్టింది.

మంట నీలంగ ముడుచుకొని, హోరు.
పొద్దుగాల నాలుగున్నరకు డిపోల
మొదటి బండి లేచినట్టు.
పక్కింటి కిటికీ తెరుచుకున్నది.
భూదేవి ఏమీ అడగకుండ నీళ్లు పెట్టింది,
చాయపత్తి రెండు చెంచాలు ఎక్కువేసింది.

పొంగొచ్చింది.
దించనీకె ఏ చెయ్యి చాపాలెనో
ఒక్క గడియ యాదికి రాలే.