పన్ను రశీదు

ఇరవై రెండేండ్ల సంది పంచాయతీ కారోబార్ని.
ఇంటిపన్ను, నల్లాపన్ను, వీధిలైట్ల పన్ను
వసూలు చేసుడే నా కొలువు.
ఇయ్యాల నా దవడల పన్నొకటి
నన్నే నిలబెట్టి అడుగుతున్నది బకాయి.

నల్లగొండల, ప్రకాశం బజారు సందు తిరిగినంక
గాజుల దుకాణం మీది అంతస్తుల దవాఖాన.
డాక్టరమ్మ పేరు నుస్రత్. మా పెద్దబిడ్డ ఈడుంటది.
నోరు తెరువుమన్నది, లైటు కిందికి గుంజింది,
పేరడగలే, కాయితం చూడలే,
ముందటి పండ్లు చూసి
"మర్రిగూడ దిక్కా?" అన్నది.

ఊరు పేరు ఆధార్ కార్డు మీదనే ఉంటదా,
నవ్వితే కనబడుతదని తెల్వదా నాకు?
తెలుసు.
పెండ్లి ఫొటోల పెదవులు బిగబట్టిన్నాడే తెలుసు.
బోరునీళ్ళు గీసిన గోధుమరంగు గీతలు,
ఒక్కో పంటి మీద ఒక్కో ఎండకాలం.
చేతిపంపుకు ఎర్రరంగు పూసిపోయిండ్రు ఒకపారి,
తాగొద్దని.
మరేం తాగాల్నో
అది రాయలే.

ఎక్స్‌రేల అది అడ్డం పండుకోనున్నది,
పక్క పన్నుకు కాళ్ళు తన్నిపెట్టి,
పగటీలి ఆఫీసు బల్ల మీద నేను పండుకున్నట్టు.
"జ్ఞానదంతం" అన్నది డాక్టరమ్మ.
నలభై ఆరేండ్లకా? అని అడుగుదామనుకున్న.
అప్పటికే నాలికె సగం నాది కాదు.

సూది. ఇంకో సూది.
కంపౌండరు వెంకులు తలకాయ పట్టుకున్నడు
దూడకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టు.
నొప్పి లేదు. సప్పుడే ఉన్నది.
చెవు లోపల్నుంచి ఇనవడే సప్పుడు,
రాతినేలల బోరు దిగుతున్న సప్పుడు,
రెండొందల అడుగులు, మూడొందలు,
దుమ్ము, ఇంకా దుమ్ము.
"మీ దిక్కు పండ్లు సక్కగ రావు, ముక్కలైతయి."
మూడు ముక్కలు, స్టీలు పళ్ళెంల
టంగున పడ్డయి.

ఆ టంగుకు ఈదమ్మ యాదికొచ్చింది.

నల్లాపన్ను అడగపోయిన. ఆ ఏడు
నల్లాల గాలే వచ్చింది.
గడపల కూసోని చింతగింజలు తీస్తున్నది,
నడుము వంగి, తల మోకాళ్ళకు తాకుతున్నది.
తల లేపరాక కండ్లు మాత్రం లేపి
నోరు పెద్దగ తెరిచింది.
ఐదో ఆరో మిగిలినయి, ఇటుక రంగుల.
"ఇగో, పన్ను. ఏది కావాల్నో పీక్కపో కారోబారూ.
తక్కినయి ఎన్నడో కట్టిన.
రశీదిచ్చినవా?"
అరుగు మీదోళ్ళంత నవ్విండ్రు.
నేను గూడ నవ్విన,
పెదవులు మూసుకొని.

కౌంటరు కాడ రశీదిచ్చిండ్రు:
పన్ను తీసివేత, రెండువేల ఎనిమిదొందలు.
గుండ్రటి ముద్ర, సంతకం, అన్నీ సక్కగున్నయి.
నా దస్తూరి కన్న మంచి దస్తూరి.
ముక్కలు కాయితంల చుట్టిచ్చి వెంకులన్నడు:
"గంటదాంక దూది కొరికి పట్టు. మాట్లాడకు. ఉమ్మకు."

చండూరు బస్సుల ఎవరో పలకరిస్తే తలూపిన.
అనుకున్న గదా,
చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పేడల పెట్టి
పెంకుల మీదికి ఇసిరేటోళ్ళం.
ఇంటి మీద పన్ను.
అప్పుడు ఎవ్వరు రాసుకోలే.

ఈదమ్మ ఇంటికి తాళం పడి మూడేండ్లు.
రిజిస్టర్ల ఇంకా బకాయి ఉన్నది,
ఎర్రసిరా, నా దస్తూరే.
కాయితం ఇప్పి ఒక ముక్క పెంకుల మీదికి ఇసిరిన.
జారి, కిందబడ్డది.
కోడిపెట్టొకటి ఉరికొచ్చి, పొడిచి చూసి
ఇడిసిపెట్టి పోయింది.

రెండోది ఇసరబుద్ధి కాలే.
నోట్ల నెత్తురు ఊరుతున్నది, ఉప్పగ,
మా బోరునీళ్ళ లెక్క.
ఉమ్మొద్దన్నరు గద.
మింగిన.