ఎడమ కాలికి పని లేదు

పొదలకూరు రోడ్డులో జిలానీ షెడ్డు ముందర
రెండు చిన్న ట్రాక్టర్లు
కడిగిన ఎద్దుల మాదిరి మెరుస్తా ఉండాయి.
పొద్దున తొమ్మిదికే రేకు కాలతా ఉండాది.

మస్తానయ్య ఇరవై రెండేళ్లు పెద్ద బండి తోలినోడు.
వరి మళ్లలో ఇనప చక్రాలేసి దమ్ము చేసిన కాళ్లు.
"నువ్వు చూసి చెప్పన్నా, నాకేం తెలస్తాది" అని
నేనే తీసకపొయినా.

హైడ్రోస్టాటిక్.
ఆ మాట నోట్లో గులకరాయి మాదిరి దొర్లింది.
గేరు రాడ్డు లేదు.
కుందేలు బొమ్మకీ తాబేలు బొమ్మకీ మధ్య ఒక్క మీట.
కుడికాలి కింద రెండు పెడళ్లు,
పోవడానికొకటి, రావడానికొకటి.
కాలు తీస్తే
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఆగిపోతాది.

మస్తానయ్య ఎక్కినాడు.
ఎక్కీ ఎక్కంగానే ఆయన ఎడమకాలు
లేని క్లచ్చి కోసం గాలిని తొక్కింది.
మళ్లీ తొక్కింది.
పోయిన మనిషిని పొరపాటున అన్నానికి పిలిచినట్టు
ఒక్క క్షణం బిత్తరపొయినాడు.

దిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పినాడు.
ఇనుము ఇనుమును పట్టుకోని నడిచే బండి కాదిది,
నూనె తోస్తే నడిచేది.
దారిలో కొంత బలం ఆ నూనే తాగేస్తాది.
దమ్ముకు చాలదు. డీజిలూ ఎక్కువే.
పైన లక్షా ఇరవై వేలు.
ఫిల్టరు మార్చడం మరిచిపొయినావా, పంపు పోతాది,
పంపు పోతే మద్రాసు నించి రావాల,
అది వచ్చేలోగా కాపు రాలిపోతాది.

"నిమ్మతోటలో దమ్మెక్కడిదన్నా?"
నాదుండేది మూడెకరాలు.
సాలులో నాలుగు చెట్లు దాటేలోగా
వంగిన కొమ్మ, ఆగు.
ముల్లు జాకెట్టు పట్టుకుంది, వెనక్కి పో.
మందు పైపు చుట్టుకుంది, ఆగు.
కోతకొచ్చిన రవణమ్మ గోతం అడ్డం పెట్టింది, ఆగు తల్లీ ఆగు.
ఒక్క పూటలో ఎన్ని వందల క్లచ్చీలు!
పోయినేడు బాడుగ డ్రైవరు కాలు లాగి లాగి
పదకొండో సాలులో కాపు చెట్టు మొదలు గీరేసి పొయినాడు.
అది ఇంకా జిగురు కారతానే ఉండాది.

రెండో బండికి పెడలు ఒక్కటే.
పొడుగ్గా, నడుమ ఇరుసు మీద ఊగతా,
వేళ్లతో నొక్కితే ముందుకు, మడంతో నొక్కితే వెనక్కి.
మస్తానయ్య తల అడ్డంగా ఊపినాడు.
"పాదు గట్టు దాటేటప్పుడు ఒళ్లెగిరి మడం తగల్తాది,
బండి ఎనక్కి గుంజతాది. రెండు పెడళ్లదే మేలు పాపా."
అది నిజమే. తర్వాత నేనూ ఎగిరి చూసినా.

ఏ బండీ తోలి ఎరగను.
కుచ్చెళ్లు దోపుకోని ఎక్కినా.
వేళ్లు, మడం.
వేళ్లు, మడం.
పదహారేళ్లుగా కుట్టుమిషను కింద
ఊరందరి రైకలకీ నా పాదం చేసింది ఇదే గదా!
జిలానీ పేర్చిన ఖాళీ నిమ్మపెట్టెల చుట్టూ
రైక మెడ గుండ్రం తిప్పినట్టు తిప్పినా.
ఒక్క పెట్టె తగిలింది. ఒక్కటే.

మస్తానయ్య మాత్రం వదల్లేదు.
అరగంట ఎండలో బండి ఆడనిచ్చి
వెనక డబ్బా మీద అరచెయ్యి పెట్టి
చెవి వంచి విన్నాడు,
నూనె కాగినాక గొంతు మారతాదేమోనని.
మారలేదన్నాడు, ఇష్టం లేకుండానే.

ఐదు వేలు అడ్వాన్సు ఊగే పెడలు దానికే ఇచ్చినా.
గట్లంటావా, పారతో నేనే చెక్కుకుంటా.

తిరుగు బస్సులో కిటికీ పక్క ఆయన, ఇవతల నేను.
మర్రిపాడు దారి కాదు, పోరుబాట కాదు,
అయినా మలుపు మలుపుకీ డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా
మస్తానయ్య ఎడమకాలు
బస్సు నేలను మెల్లిగా తొక్కతా ఉండాది.
ఆయన చూసుకోలేదు.
నేను చెప్పలేదు.